దించినంత మాత్రాన పట్టు చిక్కదు

స్ప్రింగులు కోయించిన కారు మలుపులో ఒరగకపోవచ్చు. కానీ రోడ్డును పట్టుకునేది స్ప్రింగు కాదు, టైరు

కారు కింద జాకీ పెట్టి లేపుతారు. ముందు చక్రం ఊడదీస్తారు. స్ట్రట్‌ను బయటికి లాగి, స్ప్రింగును నొక్కిపట్టి, అందులోంచి ఒక చుట్టో, చుట్టున్నరో గ్రైండర్‌తో కోసి పక్కన పడేస్తారు. మళ్లీ అన్నీ బిగించేస్తారు. నాలుగు చక్రాలకూ కలిపి ఒక పూట పని. సాయంత్రానికల్లా కారు రెండంగుళాలు కిందికి దిగి, చక్రానికీ దాని పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్లు కూడా దూరనంత ఇరుకుగా, దూకడానికి ఒదిగి కూర్చున్న జంతువులా కనిపిస్తుంది. కుర్రాడు దాన్ని రింగురోడ్డు ఎక్కించి ఒక చుట్టు తిప్పుకొచ్చి, 'మలుపులో అస్సలు ఒరగట్లేదన్నా' అంటాడు. మెకానిక్ తలూపుతాడు. ఇద్దరికీ పని బాగా కుదిరిందనే నమ్మకం.

హైదరాబాద్ శివార్లలోని షెడ్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా, బెంగళూరులోనైనా, లూధియానాలోనైనా ఈ తంతు దాదాపు ఒకేలా సాగుతుంది. కొంచెం డబ్బున్నవారు కోతల జోలికి పోకుండా పొట్టి స్ప్రింగుల సెట్టు దిగుమతి చేయించుకుంటారు. ఇంకాస్త ఉన్నవారు ఎత్తును మరతిప్పి మార్చుకోగల కాయిలోవర్లు వేయించుకుంటారు. ఖర్చులో పదింతల తేడా ఉన్నా అందరి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: కారు ఎంత కిందికి ఉంటే, ఎంత బిగువుగా ఉంటే రోడ్డును అంత గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి రేస్ ట్రాక్ మీద ఇందులో కొంత నిజముంది. మన రోడ్ల మీద ఇది చాలావరకు అబద్ధం. పైగా ప్రమాదకరమైన అబద్ధం. ఎందుకంటే ఒరగడం అనేది డ్రైవర్‌కు కారు ఇచ్చే హెచ్చరిక. దాన్ని తీసేస్తే భయం పోతుంది. పట్టు మాత్రం పెరగదు.

లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. 2005లో భారత్‌లో అడుగుపెట్టి 2024 నాటికి 30 లక్షల అమ్మకాలు దాటిన మారుతి స్విఫ్ట్ లాంటి చిన్న కారునే తీసుకుందాం. దేశంలో ఇలాంటి ప్రయోగాలకు ఎక్కువగా బలయ్యేదీ అదే. డ్రైవర్‌తో కలిపి సుమారు 1,000 కిలోలు. టైర్లలో గాలి 32 పాయింట్లు ఉంటే, ప్రతి చదరపు సెంటీమీటరూ దాదాపు 2.25 కిలోల బరువు మోస్తున్నట్టు. ఆ లెక్కన నాలుగు టైర్లూ కలిసి నేలను తాకే చోటు సుమారు 440 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితం వైశాల్యం 620 పైచిలుకు. అంటే ఒక్కో టైరుకు అరచేతి మందం చోటు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో పక్కకు తప్పించినా మొత్తం కుటుంబం భారం పడేది ఆ నాలుగు అరచేతుల మీదే. సస్పెన్షన్ అనే ఏర్పాటంతా ఉన్నది ఆ అరచేతులను నేలకు అంటిపెట్టి ఉంచడానికి.

ఇప్పుడు కారు మలుపు తిరుగుతోందనుకుందాం. భూమ్యాకర్షణలో 70 శాతం ఉండేంత బలంతో అది పక్కకు లాగుతోంది. మామూలు డ్రైవర్ అరుదుగా చేరుకునే స్థాయి అది. కారు గరిమనాభి నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటరు ఉంటే, లోపలివైపు చక్రాల మీది నుంచి బయటివైపు చక్రాల మీదికి సుమారు 257 కిలోల భారం మారుతుంది. చెరో వైపు 500 కిలోలు ఉండాల్సింది కాస్తా ఒకవైపు 243, రెండోవైపు 757 అవుతుంది. టైరుకు ఒక చెడ్డ గుణం ఉంది. భారం రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. కాబట్టి భారం ఎంత ఒకవైపుకు మొగ్గితే నాలుగు టైర్లు కలిసి ఇచ్చే మొత్తం పట్టు అంత తగ్గుతుంది.

ఆ 257 కిలోల అంకెలో స్ప్రింగుల ఊసే లేదని గమనించాలి. కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం, అంతే. స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా మారే భారం మారుతూనే ఉంటుంది. బాడీ తక్కువగా ఒరుగుతుందంతే. షెడ్డు నుంచి బయటికొచ్చిన కుర్రాడికి కలిగే భ్రమకు మూలం ఇక్కడే ఉంది. ఒరగడం తగ్గింది కాబట్టి భారం మారడం కూడా తగ్గిందనుకుంటాడు. మరి కిందికి దించినందుకు లాభమే లేదా? ఉంది. 50 మిల్లీమీటర్లు దించితే గరిమనాభి ఎత్తు 50 సెంటీమీటర్లకు వస్తుంది. మారే భారం 257 నుంచి 233 కిలోలకు తగ్గుతుంది. పదింట ఒక వంతు కూడా కాదు. ఈ కొద్దిపాటి లాభానికి చెల్లించే మూల్యం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

మొదటి మూల్యం చక్రం కదలడానికి ఉన్న చోటు. చిన్న కారు నిలబడి ఉన్నప్పుడు చక్రం పైకి కదలడానికి మహా అయితే ఏడెనిమిది సెంటీమీటర్ల జాగా ఉంటుంది. ఆపైన బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ అడ్డొస్తుంది. రెండంగుళాలు దించితే ఆ జాగాలో మూడింట రెండు వంతులు నిలబడి ఉండగానే ఖర్చయిపోయినట్టు. అలాంటి కారు మలుపులో బయటికి ఒరిగిన క్షణాన చిన్న గుంతో, అతుకో తగిలితే స్ట్రట్ నేరుగా దిమ్మను గుద్దుకుంటుంది. అప్పటిదాకా మెత్తగా భారం మోస్తున్న మూల ఒక్కసారిగా కర్రలా బిగుసుకుపోతుంది. టైరు నేల మీద నుంచి ఎగురుతుంది లేదా దాని మీద భారం హఠాత్తుగా పెరిగి జారుతుంది. ఏదైనా డ్రైవర్‌కు ముందస్తు కబురు ఉండదు.

రెండో మూల్యం కంటికి కనిపించదు. మన దేశంలో తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందువైపు ఉన్నది 1940లలో అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్ ఏర్పాటు. చవక, తేలిక, తక్కువ చోటు. అందుకే అంత వ్యాప్తి. ఇందులో కింద ఒక అడ్డపు ఆర్మ్ ఉంటుంది. కంపెనీ ఎత్తులో అది చక్రం వైపుకు కాస్త వాలి ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడు టైరు తలభాగం లోపలికి వాలి, మలుపులో నేలను పూర్తి వెడల్పుతో తాకడానికి ఆ వాలే కారణం. కారును బాగా దించేస్తే ఆర్మ్ సమతలానికి వచ్చి, ఆపైన ఎదురు వాలుకు పోతుంది. అప్పుడు కారు ఒరిగేకొద్దీ టైరు బయటి అంచు మీదికి ఎక్కుతుంది. అంతకన్నా విడ్డూరం, బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గరిమనాభి కన్నా వేగంగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి ఒరిగే తత్వం నిజానికి ఎక్కువవుతుంది. దాన్ని అణచడానికి ఇంకా గట్టి స్ప్రింగులు కావాలి. అంటే దించడమే ఒక జబ్బును తెచ్చిపెట్టి, ఆ జబ్బుకు మందు కూడా అదే అమ్ముతోందన్నమాట.

కోసిన స్ప్రింగు సంగతి మరీ అధ్వానం. ఆరు చుట్లలో ఒకటిన్నర తీసేస్తే మిగిలిన నాలుగున్నర చుట్ల బిగువు మూడో వంతు పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇస్తుంది. ఆ తిరుగు ఊపును వేడిగా మార్చి మింగేయడం షాక్ అబ్జార్బర్ పని. పేరులో షాక్ ఉన్నా అది ఆపేది కుదుపును కాదు, ఊగిసలాటను. మెత్తటి స్ప్రింగుకు సరిపడేలా చేసిన అబ్జార్బర్ బిగువైన స్ప్రింగును అదుపు చేయలేక చేతులెత్తేస్తుంది. వరస గతుకుల మీద చక్రం బంతిలా గెంతుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టు సున్నా. పైగా కోసిన చివర దాని కప్పులో సరిగా కూర్చోదు. చక్రం గుంతలోకి దిగినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై చోటు తప్పే ప్రమాదమూ ఉంది. కొన్నిచోట్ల కోయకుండా గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీస్తారు. ఉక్కుకు కర్మాగారంలో ఇచ్చిన పదును అక్కడితో సరి. అలాంటి స్ప్రింగు ఎప్పుడు, ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన జ్ఞానమేమీ కాదు. రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు వెళ్లిన బ్రిటిష్ ఇంజనీరు మారిస్ ఆలీ, కారుకు బరువులు తగిలించి, తీసి, జరిపి, ప్రయోగాలు చేసి, ముందు స్ప్రింగులు వెనకవాటి కన్నా మెత్తగా ఉంటే కారు ముందుకూ వెనక్కూ ఊగకుండా సమంగా సాగుతుందని తేల్చాడు. గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనక చక్రానికి ఒక క్షణం ఆలస్యంగా. వెనకది కాస్త చురుగ్గా ఊగితే ముందుదాన్ని అందుకుంటుంది. తొంభై ఏళ్లు గడిచినా కార్ల కంపెనీలు ఆ సూత్రం చుట్టూనే తిరుగుతున్నాయి. షెడ్డులో నాలుగు స్ప్రింగులూ 'కంటికి సమంగా' కోసినప్పుడు పోయేది ఈ పొందికే.

రోడ్డు వైపు నుంచి చూస్తే ఈ కథలో ఇంకో మెలిక ఉంది. తాజా స్విఫ్ట్ ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి ఉండే ఎత్తు 163 మిల్లీమీటర్లు. 50 దించితే 113. నలుగురు ఎక్కి సామాను పెడితే మరో మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగుతుంది. మిగిలేది 80 మిల్లీమీటర్ల లోపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెడితే కారు కడుపు చీరుకుపోవాల్సిందే అనిపిస్తుంది. కానీ నియమం ప్రకారం కట్టిన బ్రేకర్ మీద ఈ దించిన కారు కూడా తగలకుండా దాటేస్తుంది. ఎందుకంటే దాని వెడల్పు 3.7 మీటర్లు. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే. కారు నడుము శిఖరం మీద ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకర్ మీదే ఉంటాయి. చక్రాల మధ్య పొడుచుకొచ్చే ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు మించదు.

మరి రోజూ వినిపించే ఆ గరగర ఎక్కడిది? నియమాన్ని పట్టించుకోని బ్రేకర్లది. పంచాయతీ తీర్మానంతోనో, ఒక ప్రమాదం తర్వాత ఊరివాళ్ల కోపంతోనో, కాంట్రాక్టరు చేతివాటంతోనో రాత్రికి రాత్రి లేచే మీటరు వెడల్పు దిబ్బలది. గీతలుండవు, బోర్డు ఉండదు. రోడ్డు వేసే శాఖ తన నియమం తాను పాటించదు. ఆ రోడ్డు మీద తిరిగే కారును దించుకున్న కుర్రాడూ పాటించడు. ఈ విషయంలో ఇద్దరూ ఇద్దరే. విదేశీ మోడళ్లను ఇక్కడికి తెచ్చేటప్పుడు కంపెనీలు వాటిని కాస్త ఎత్తు పెంచి, స్ప్రింగులూ అబ్జార్బర్లూ మార్చి అమ్మేది ఈ దిబ్బలను చూసే. ఏళ్ల తరబడి మన రోడ్ల మీద తిప్పి చేసిన ఆ సర్దుబాటును ఒక పూటలో కోసి పారేయడం విచిత్రమే.

రేసు కార్లు నేలకు అతుక్కుని పోతాయి కదా అనేది ఈ కుర్రకారు ఎప్పుడూ చేసే వాదన. నిజమే. ఎస్. కరివర్ధన్ పేరిట కోయంబత్తూరు దగ్గర వెలసిన 2.1 కిలోమీటర్ల కారీ మోటార్ స్పీడ్‌వే మీద, చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తే కార్లు అలాగే ఉంటాయి. ఆ ట్రాక్‌ల మీద దిబ్బలూ లేవు, ఆటోలూ లేవు. అయితే భారత మోటార్ క్రీడలో మరో శాఖ ఉంది. ర్యాలీ. మట్టి దారుల మీద, టీ తోటల మధ్య సాగే ఆ పోటీల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలింది మారుతి జిప్సీ. ఎత్తుగా, పొడవాటి కాళ్ల మీద నిలబడ్డట్టుండే బండి. ర్యాలీకి సిద్ధం చేసే కారును ఎవరూ దించరు. ఎత్తు పెంచుతారు. చక్రం కదిలే జాగా పెంచుతారు. డబ్బంతా షాక్ అబ్జార్బర్ల మీద పెడతారు. గతుకుల దారి మీద వేగంగా పోవాల్సినవాళ్లు, పోవడమే బతుకైనవాళ్లు ఎంచుకున్న పద్ధతి ఇది. హైదరాబాద్‌లో వానాకాలం తర్వాతి రోడ్డు కారీ ట్రాక్‌కు దగ్గరా, ర్యాలీ బాటకు దగ్గరా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

అలాగని మామూలు కారును మెరుగుపరచడం కుదరని పనేమీ కాదు. చాలా కుదురుతుంది. కాకపోతే ఎదుటివాళ్లకు కనిపించని చోట కుదురుతుంది. అందుకే దాని మీద ఎవరికీ మోజు ఉండదు.

అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది టైరు. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. తడి రోడ్డు మీద పట్టు ఆ హద్దు చేరకముందే సన్నగిల్లడం మొదలవుతుంది. స్ప్రింగుల మీద పెట్టదలచిన డబ్బుతో మంచి రబ్బరున్న నాలుగు టైర్లు, కంపెనీ సూచించిన సైజులోనో లేదా ఒక్క మెట్టు వెడల్పులోనో కొంటే మలుపులోనూ, బ్రేకులోనూ, వానలోనూ తేడా కనిపిస్తుంది. రెండు మూడంగుళాలు పెద్ద అల్లాయ్ చక్రాలు, రబ్బరు పట్టీలా సన్నబడిన టైరు గోడలు మాత్రం ఫొటోకే పనికొస్తాయి. చక్రం బరువు పెరిగితే దాన్ని నేలకు అదిమిపట్టే పని అబ్జార్బర్‌కు మరింత కష్టం. ఆపైన మొదటి పెద్ద గుంతకే రిమ్ము వంగుతుంది.

ఆ తర్వాత గాలి. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసిన అంకె దగ్గర మొదలుపెట్టి, ముందు టైర్లలో ఒకటి రెండు పాయింట్లు పెంచీ, తగ్గించీ చూడటం బహుశా దేశంలోకెల్లా చవకైన ట్యూనింగ్. ట్రాక్ దగ్గర పాతకాపులు టైరు అంచు మీద సుద్దముక్కతో గీత గీసి రెండు చుట్లు తిప్పుకొస్తారు. సుద్ద పక్కగోడ మీద దాకా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, అంచు దాకా కూడా చెరగకపోతే ఎక్కువైనట్టు. పెట్రోలు బంకులో నలభై కొట్టించుకుని 'హైవేకి ఇదే కరెక్టు' అని బయల్దేరేవారికి ఈ సుద్దముక్క చెప్పాల్సింది చాలా ఉంది.

వీల్ అలైన్‌మెంట్ దగ్గర మన అలవాట్లు మరీ ఘోరం. చాలా దుకాణాల్లో చూసేది చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగాయా, బయటికి తిరిగాయా అన్నది మాత్రమే. టైరు నిలువుగా ఎంత వాలి ఉందో చూపే క్యాంబర్ అంకె తెర మీద ఎర్రగా కనిపిస్తున్నా, 'ఈ బండిలో అది మారదు సార్' అని పంపేస్తారు. చాలా కార్లలో కంపెనీ సర్దుబాటు ఇవ్వని మాట నిజమే. కానీ స్ట్రట్‌ను చక్రానికి కలిపే చోట వేసే ప్రత్యేకమైన బోల్టులతో ఒక డిగ్రీ అటూ ఇటూ మార్చుకునే వీలు అనేక కార్లలో ఉంది. ముందు టైర్ల తల ఒక డిగ్రీ లోపలికి వాల్చితే మలుపులో బయటి టైరు నిండుగా నేలను తాకుతుంది. ముందు చక్రాలు మాట వినకుండా మలుపు బయటికి జారే అండర్‌స్టీర్ తగ్గుతుంది. అంతకు మించితే టైరు లోపలి అంచు తొందరగా అరుగుతుంది. ఒక డిగ్రీ చాలు.

ఇక 60, 70 వేల కిలోమీటర్లు తిరిగిన కారుకైతే అసలు కొత్తగా ఏ మార్పూ అక్కర్లేదు. పాతదాన్ని పాతగా నిలబెడితే చాలు. షాక్ అబ్జార్బర్లు ఒక్కరోజులో చచ్చిపోవు. నెలనెలా కొంచెం కొంచెంగా సత్తువ కోల్పోతాయి. కాబట్టి యజమానికి తెలియదు. కింది ఆర్ముల రబ్బరు బుష్షులు పగిలి, బ్రేకు వేసినప్పుడు చక్రం తన దారి తాను వెతుక్కుంటుంది. కంపెనీ అబ్జార్బర్లు నాలుగూ, బుష్షులూ, స్ట్రట్ పై మౌంటులూ కొత్తవి వేయించి అలైన్‌మెంట్ చేయించిన పదేళ్ల కారు, స్ప్రింగులు కోయించిన రెండేళ్ల కారు కన్నా ఘాట్ రోడ్డు మీద నమ్మకంగా నడుస్తుంది. ఆపైనా తృప్తి లేనివారు బిల్‌స్టీన్, కోనీ లాంటి మేలు రకం అబ్జార్బర్లు, వాటికి జతగా పాతిక ముప్పై మిల్లీమీటర్లకు మించి దించని స్ప్రింగులు ఎంచుకుంటారు. రెండూ కలిపి మారిస్తేనే అర్థం. ఒకటి మార్చి రెండోది వదిలేయడం సగం మందు వాడటమే.

వెనక యాంటీ రోల్ బార్ గురించి మాత్రం హెచ్చరిక అవసరం. ముందు చక్రాలతో నడిచే కారులో వెనకవైపు బార్‌ను బిగువు చేస్తే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. ఆ చురుకుదనం మత్తెక్కిస్తుంది. కంపెనీలు కావాలనే ముందు చక్రాలు మొదట జారేలా చేసి అమ్ముతాయి. అది చేతకాక కాదు. ముందు జారితే సగటు మనిషి భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తాడు. అప్పుడు భారం ముందుకు వచ్చి కారు దారికొస్తుంది. వెనక జారేలా మార్చిన కారులో తడి రోడ్డు మీద అదే మనిషి అదే భయంతో కాలు తీస్తే వెనక భాగం తేలికై బొంగరంలా తిరుగుతుంది. అరవై మీటర్ల వ్యాసార్ధం ఉన్న దిగుడు ర్యాంపును 60 కిలోమీటర్ల వేగంతో తిరగడానికి కావలసిన పట్టు భూమ్యాకర్షణలో 47 శాతం. 80తో తిరగడానికి 84 శాతం. పొడి రోడ్డు మీద మామూలు టైరు ఇవ్వగలిగే దానికి అది దాదాపు చివరి అంచు, వానలో అందనంత దూరం. మూడో వంతు వేగం పెరిగితే అవసరం రెట్టింపుకు చేరువైంది. ఏ స్ప్రింగూ, ఏ బారూ పూడ్చలేని తేడా అది.

ఈ వ్యవహారంలో ప్రభుత్వం ఎక్కడుంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన దానికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. మార్పు అంటే వాహనం మౌలిక లక్షణం మారేలా దాని నిర్మాణంలో చేసే మార్పు అని అదే సెక్షన్ వివరణ ఇస్తుంది. కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును కొట్టివేస్తూ 2019 జనవరి 9న సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం ఈ నిషేధాన్ని గట్టిగా ఖరారు చేసింది. అదే ఏడాది పార్లమెంటు చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ విధించే 182ఏ(4) వచ్చింది.

ఇంత కఠినంగా కనిపించే చట్టం స్ప్రింగు దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతుంది. రెండంగుళాలు దించడం మౌలిక లక్షణాన్ని మార్చడమా, కాదా? కంపెనీ కన్నా మేలైన అబ్జార్బర్ వేసుకోవడం నేరమా, జాగ్రత్తా? సెక్షన్‌లో జవాబు లేదు. రోడ్డు మీద జవాబు చెప్పేది కానిస్టేబుల్ మూడ్. చెవులు పగిలే సైలెన్సర్ వినిపిస్తుంది కాబట్టి దొరుకుతుంది. కోసిన స్ప్రింగు వినపడదు, కనపడదు. పట్టుకునే యంత్రాంగమూ లేదు. సొంత కారుకు కొన్న నాటి నుంచి 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు. ఆ పదిహేనేళ్లలో అబ్జార్బర్లలో నూనె కారిపోయిందా, బుష్షులు ఉన్నాయా ఊడాయా అని అడిగే నాథుడు లేడు. ప్రమాదం జరిగాక అడిగేవాడు మాత్రం ఉన్నాడు. బీమా సర్వేయర్. ముందుగా తెలపని మార్పు దొరికితే క్లెయిం మీద పేచీ మొదలైనట్టే.

కారును ప్రాణంగా చూసుకునే జర్మనీ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. అక్కడ కారును దించుకోవచ్చు. కానీ అమ్మే స్ప్రింగు ఏ మోడల్‌కు సరిపోతుందో, ఏ షరతులతోనో ధ్రువపత్రం ఉండాలి. బిగించాక పరీక్షా కేంద్రంలో చూపించాలి. అవసరమైతే బండి కాగితాల్లో రాయించాలి. కొత్త కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది. జపాన్‌లోనూ కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి పరీక్ష. ఎంత దించినా నేల నుంచి 9 సెంటీమీటర్లు ఉండి తీరాలి. అక్కడి సర్కార్లు యువకుల మోజును నిషేధించలేదు. దానికో కొలత పెట్టాయి. ఇక్కడ నిషేధం ఉంది, కొలత లేదు. ఫలితంగా ధ్రువీకరించిన మంచి సామగ్రి కొనేవాడూ, గ్రైండర్‌తో కోయించుకునేవాడూ చట్టం కళ్లకు ఒక్కటే. ఇద్దరిలో ఎవరికి తక్కువ ఖర్చవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే షెడ్లలో గిరాకీ తగ్గదు. ఓ మూల తుప్పు పట్టిన ఉక్కు చుట్లు గుట్టగా పడుంటాయి. స్విఫ్ట్‌వి, సిటీవి, పోలోవి. మూడు నాలుగేళ్లకు కారు అమ్మకానికి పెట్టినప్పుడు యజమానికి అవి గుర్తొస్తాయి. కొనడానికి వచ్చిన కుటుంబస్తుడు ముందు వంగి చక్రం పైన సందు చూస్తాడు. తర్వాత ఇంటి ముందున్న దిబ్బ మీదుగా ఒకసారి నడిపి చూపించమంటాడు. బేరం అక్కడే ఆగిపోతుంది. కోసిన చుట్టును తిరిగి అతికించడం కుదరదు కాబట్టి, యజమాని అదే షెడ్డుకు వెళ్లి, యాక్సిడెంటులో నుజ్జయిన ఏదైనా కారులోంచి తీసిన కంపెనీ స్ప్రింగుల సెట్టు ఉందా అని వాకబు చేస్తాడు. ఉంటుంది. కోయడానికి తీసుకున్న దానికన్నా రేటు కాస్త ఎక్కువ.